ద్రాక్షతోటల దారిలో నాలుగు దినాల మోటారు యాత్ర

రహదారికి ప్రారంభోత్సవం అనగానే మన కన్నులకు కట్టేది ఒక పందిరి, ఒక రిబ్బను, ఒక పెద్దమనిషి ఉపన్యాసం. ఫ్రాన్సు దేశపు తూర్పు అంచున ఉన్న అల్సాస్ సీమలో మాత్రం 1953 మే 30వ తేదీన ఒక మార్గాన్ని మోటారు కార్లు ప్రారంభించినవి. ఉత్తరపు కొసన ఉన్న మార్లెన్‌హైమ్ గ్రామం నుండి ఒక కార్ల వరుస, దక్షిణపు కొసన ఉన్న తాన్ పట్టణం నుండి మరొక వరుస ఏకకాలంలో బయలుదేరినవి. ఈ రెండు కొసల నడుమ దూరం సుమారు 170 కిలోమీటర్లు. దారి పొడుగునా ద్రాక్ష పండించే గ్రామాలే. నాటినుండి దానికి ‘అల్సాస్ ద్రాక్షాసవ మార్గం’ అన్న పేరు స్థిరపడినది. మోటారు కార్ల క్లబ్బులవారు తమ తమ కార్లతో ఆ దారిని వెదకుకొని నేటికీ వస్తూనే ఉన్నారు.

మైదానంలో, ఈ దారికి ఇంచుమించు సమాంతరంగా, వేగంగా పోయే వాహనాల కొరకు వేసిన విశాలమైన మార్గం వేరే ఉన్నది. దానిమీద ఈ దూరం రెండు గంటల పని. క్లబ్బువారు ఈ దారికి మూడు లేక నాలుగు దినాలు కేటాయిస్తారు. నాలుగు దినాలైతే దినానికి 40 పైచిలుకు కిలోమీటర్లు. గట్టి ఎడ్లు పూన్చిన బండి తెల్లవారుజామున బయలుదేరితే పొద్దుగూకేసరికి ఇంచుమించు చేరగల దూరం అది. అంతటి యంత్రాలను తెచ్చి అంత నింపాదిగా నడపడంలో అర్థమేమి? ఈ ప్రశ్నకు సమాధానం ఆ దారి పుట్టుకలోనే ఉన్నది.

ముందుగా ఆ సీమ స్వరూపాన్ని కొంచెం తెలుసుకొందాం. తూర్పున రైన్ నది, నదికి ఆవలి గట్టు జర్మనీ. పడమట వోజ్ పర్వతపంక్తి. దానిలో అన్నింటికంటె ఎత్తయిన శిఖరం 1,424 మీటర్లు. నదికీ కొండకూ నడుమ సన్నని పలక వంటి నేల. కొండ పాదాన, సముద్రమట్టానికి 200 నుండి 400 మీటర్ల ఎత్తున, ద్రాక్షతోటలు బారులు తీరి ఉన్నవి. అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా వచ్చే పడమటి గాలి వోజ్ పర్వతాలను ఎక్కేటప్పుడు తన నీటినంతా అక్కడనే కుమ్మరిస్తుంది. కొండ దిగి తూర్పుకు వచ్చేసరికి అది పొడిగాలి. అందుచేతనే ఈ సీమకు నడిబొడ్డయిన కోల్మార్ నగరంలో సాలుకు పడే వాన సుమారు 600 మిల్లీమీటర్లు మాత్రమే. ఫ్రాన్సులో అతి తక్కువ వాన పడే పట్టణాలలో అది ఒకటి. పడమటి కనుమల చాటున ఉన్న మన అనంతపురం వానకు ముఖం వాచి ఉండడానికి కారణమేదో ఇక్కడి కారణమూ అదే. అనంతపురంలో ఎండ తీక్ష్ణత వల్ల ఆ కొద్ది తడి ఆవిరైపోతుంది. అల్సాస్ చలిదేశం గనుక ఆ తడి నేలలో నిలిచి ద్రాక్షకు చాలుతుంది. శరత్కాలం పొడిగా, ఎండగా సాగడం వల్ల పండు తొందరలేక పక్వమవుతుంది.

అక్కడి తోట మన కంటికి అలవాటైన తోట వంటిది కాదు. ఒకప్పుడు హైదరాబాదు పరిసరాలకు పేరు తెచ్చిన అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిళ్లమీద అల్లుకొని, గుత్తులు తలమీదికి వ్రేలాడేది. అది తినే పండు. అల్సాస్‌లో కొండవాలున తీగలు లాగి, వాటిమీదికి తీవెలను ఎక్కిస్తారు. ప్రతి ఆకుకూ ఎండ సోకాలన్నదే అక్కడి రైతు ఆరాటం. పందిరి నీడ మనకు కావాలి, వారికి వద్దు.

ఇక దారి పుట్టుక. ఈ సీమ రెండు రాజ్యాల నడుమ పోకచెక్క వలె నలిగినది. 1871లో ఫ్రాంకుఫర్టు సంధి ప్రకారం ఇది జర్మనీకి పోయినది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన 1918లో ఫ్రాన్సు చేతికి వచ్చినది. 1940లో మరల జర్మనీ వశమైనది. 1945 నాటికి తిరిగి ఫ్రాన్సుకు దక్కినది. 1870కి ముందు పుట్టి 1945 దాకా బ్రతికిన అవ్వ తన ఊరు కదలకుండానే నాలుగుసార్లు దేశం మారినది. ఆఖరి మార్పు అన్నింటికంటె క్రూరమైనది. 1944-45 శీతకాలంలో కోల్మార్ చుట్టూ జర్మను సేనలు పట్టు విడువక నిలిచినవి. ఫ్రెంచి, అమెరికను సైన్యాలు 1945 ఫిబ్రవరి 2న కోల్మార్‌ను విడిపించేలోగా, దాని పరిసరాలలోని బెన్‌వీర్, మిట్టెల్‌వీర్, సిగోల్స్‌హైమ్, అమ్మెర్ష్‌వీర్ అనే ద్రాక్ష గ్రామాలు ఇంచుమించు నేలమట్టమైనవి. ఇండ్లు కూలినవి, పీపాలు పగిలినవి, తోటలలో తీవెల నడుమ మందుపాతరలు మిగిలినవి.

ఆ విధ్వంసం జరిగిన ఎనిమిదేండ్లకే ద్రాక్షాసవ మార్గం ప్రారంభమైనది. దాని కొరకు కొత్తగా కొండలు తొలచలేదు. ఊరికీ ఊరికీ నడుమ ఏనాటినుండో ఉన్న దారులనే ఒక దండగా గ్రుచ్చి, ఆ దండకు ఒక పేరు పెట్టారు. సరకును బండికెత్తి పొరుగూరి బజారుకు పంపడానికి బదులు, కొనేవానినే తోట గట్టుకు రప్పించాలన్నది అందులోని ఉపాయం. కనుక అది విహారమార్గమే అయినా, అంతకు ముందుగా కష్టజీవులు అతిథులను పిలుచుకొన్న వాకిలి. ఆ వాకిట్లో ఎట్లా నడుచుకోవలెనో ఎరిగిన క్లబ్బుకే ఆ యాత్ర ఫలిస్తుంది.

నాలుగు దినాల యాత్రకు నెలల తరబడి సన్నాహం ఉంటుంది. పెండ్లివారందరూ ఒక్క పెట్టున దిగితే విడిదివారు తికమక పడినట్లే, 24 కార్లు ఒకేసారి ఒక చిన్న ఊరిలో ప్రవేశిస్తే ఆ ఊరు స్తంభించిపోతుంది. రైతు ఇంటి ముంగిట ఆరు కార్లు పట్టడమే కష్టం. అందుచేత ఆరేసి కార్లను ఒక జట్టుగా విడదీసి, జట్టుకూ జట్టుకూ నడుమ పావుగంట ఎడమిచ్చి బయలుదేరదీస్తారు. అందరికంటె వెనుక పనిముట్లతో, నీళ్ల డబ్బాలతో, మరమ్మతు తెలిసిన మనిషితో ఒక కారు వస్తుంది. దారిలో ఆగిపోయిన వారిని దాటి అది ముందుకు పోదు.

ప్రతి కారులోను ఒక దారిపుస్తకం ఉంటుంది. అందులో పటం ఉండదు, చిన్న చిన్న గుర్తులు ఉంటాయి. ప్రతి కూడలికీ ఒక బొమ్మ. చుక్క ఉన్నచోట మీ కారు, బాణపుమొన ఉన్నవైపు మీరు పోవలసిన దారి. పక్కన, బయలుదేరిన చోటినుండి ఎన్ని కిలోమీటర్లో అంకె. నడిపేవాని పక్కన కూర్చున్నవారు ఆ పుస్తకాన్ని చదివి వినిపిస్తారు. భార్యాభర్తల సామరస్యానికి ఇంతకంటె కఠినమైన పరీక్ష లేదని క్లబ్బులవారు నవ్వుతూ అంటారు. ఇది పందెం కాదు. ముందు చేరినవారికి బహుమానం లేదు. ప్రజలు నడిచే దారి గనుక పందెం ఉండనూ కూడదు.

మొదటి దినం మార్లెన్‌హైమ్ నుండి మోల్స్‌హైమ్ మీదుగా ఒబెర్నే, బార్ పట్టణాల దాకా. మోటారు ప్రియులకు మోల్స్‌హైమ్ ఒక క్షేత్రం. ఇటలీలోని మిలాన్ నగరంలో పుట్టిన ఎత్తోరే బుగాట్టి 1909లో ఇక్కడ కార్ల కర్మాగారం నెలకొల్పాడు. అప్పటికి ఇది జర్మనీ. 1918 తరువాత, కర్మాగారం అంగుళమైనా కదలకుండానే, బుగాట్టి కారు ఫ్రెంచి కారయినది. 1924లో వెలువడిన 35వ నమూనా పందేలలో సాధించిన కీర్తి అంతా ఫ్రాన్సుకు చెందినది. ఆయన కార్లలో నూరుకు పైగా ఈ సీమ దక్షిణాననే ఉన్న మ్యులూజ్ నగరంలో ఒకచోట చేరి ఉన్నవి. ఉన్ని మిల్లుల యజమానులైన ష్లుంఫ్ సోదరులు రహస్యంగా సేకరించిన కార్లవి. మిల్లులు మూతపడి జీతాలు నిలిచిన మీదట, 1977లో కార్మికులు ఆ భవనాన్ని ఆక్రమించి లోపలి వైభవాన్ని లోకానికి చూపారు. 1982లో అది ప్రజలందరికీ ప్రదర్శనశాల అయినది. యాత్ర ముగిసిన మరునాడు అక్కడికి వెళ్లే క్లబ్బులు అనేకం.

రెండవ దినం దారి కొండను రాసుకొని పోతుంది. ఓ-కోనిగ్స్‌బుర్గ్ అనే కోట 700 మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్నది. 1633లో స్వీడను సేనలు కాల్చివేయగా పాడుపడిన ఆ కోటను, జర్మను చక్రవర్తి రెండవ విల్‌హెల్ము 1900 నుండి 1908 వరకు తిరిగి కట్టించాడు. ఈ సీమ శాశ్వతంగా తమదేనని చాటడానికి కట్టించిన ఆ కోట పదేండ్లు తిరిగేసరికి ఫ్రాన్సు సొత్తయినది. పాతకాలపు కార్లకు ఈ కొండ నిజమైన పరీక్ష. ఎక్కేటప్పుడు రేడియేటరులో నీరు మరుగుతుంది. దిగేటప్పుడు బ్రేకులు కాగుతాయి. ఎక్కిన గేరులోనే దిగమని అనుభవజ్ఞుల సూత్రం. ఎప్పుడూ బ్రేకుమీదనే కాలు వేసి దిగితే, వేడెక్కిన బ్రేకు ఒక్కొక్క మలుపుకూ పట్టు కోల్పోతుంది. తక్కువ గేరులో దింపితే ఇంజనే బండిని పట్టి నిలుపుతుంది.

కోట దిగిన తరువాత రిబోవిలే, హునావీర్, రిక్‌వీర్ అనే ఊళ్లు వరుసగా వస్తాయి. హునావీర్‌లో ప్రాకారం గల చర్చి తోటల నడుమ ఒంటరిగా నిలిచి ఉన్నది. ఇండ్ల పొగగొట్టాలమీద గూళ్లు కట్టే తెల్లకొంగలు ఈ సీమకు చిహ్నం. 1970 దశకం నాటికి అవి వ్రేళ్లమీద లెక్కించదగినంతగా క్షీణించగా, 1976లో హునావీర్‌లో వాటి రక్షణకు కేంద్రం పెట్టారు. ఇప్పుడు అవి మరల ఊరూరా కనిపిస్తున్నవి. రిక్‌వీర్ యుద్ధపు దెబ్బ నుండి చాలవరకు తప్పించుకొన్నది. అందలి కలప చట్రపు ఇండ్లు 16వ శతాబ్దం నాటివి అనేకం నేటికీ కాపురం ఉన్న ఇండ్లే.

ఇక్కడ ఒక సందేహం తీర్చవలసి ఉన్నది. ద్రాక్షాసవం అనగానే కొందరు శ్రోతలు నొసలు చిట్లించవచ్చు. మోటారు నడపడానికీ మద్యానికీ పొత్తేమి అని అడగవచ్చు. పొత్తు లేదు. ఫ్రాన్సు శాసనం ప్రకారం లీటరు రక్తంలో అర గ్రాము ఆల్కహాలు ఉన్నవాడు బండి నడపరాదు. కొత్తగా లైసెన్సు పొందినవారికి ఆ పరిమితి 0.2 గ్రాములు. మంచి క్లబ్బుల కట్టుబాటు ఇంతకంటె కఠినం. ఆనాడు బండి నడిపేవాడు గొంతు దాటనీయడు. రుచి చూడటమంటే త్రాగడం కాదు. చిన్న గ్లాసులో రెండు గుక్కల ద్రవం పోస్తారు. వెలుతురుకు పట్టి రంగు చూస్తారు, గ్లాసు త్రిప్పి వాసన చూస్తారు, నోట నించి నాలుకమీద నిలుపుతారు, పక్కనే ఉంచిన పాత్రలో ఉమ్మివేస్తారు. అక్కడ అది అమర్యాద కాదు. రైతే ముందుగా ఆ పని చేసి చూపుతాడు. రోజూ పదిమందికి రుచి చూపించే రైతు త్రాగుతూ కూర్చుంటే అతని వ్యవసాయం ఏమవుతుంది?

రుచి చూడటంలోని వివేకం నేలను గుర్తించడంలో ఉన్నది. అల్సాస్‌లో సీసామీద ద్రాక్ష జాతి పేరు వ్రాయడం వాడుక. రీస్లింగ్, గెవుర్త్స్‌ట్రమినెర్, సిల్వానెర్, మస్కట్, పినో అని. ఒకే జాతి రాతినేలన ఒక విధంగా, సున్నపునేలన మరొక విధంగా పలుకుతుంది. ఈ సన్నని పట్టీలో నల్లరాయి, ఇసుకరాయి, సున్నం, బంకమన్ను, అగ్నిపర్వతపు రాయి పక్కపక్కనే ఉన్నవి. అందుకే 51 చేలకు మాత్రమే ‘గ్రాంక్రు’ అనే మేటి గుర్తింపు ఇచ్చారు. కైజర్స్‌బెర్గ్ చెంతనున్న ష్లోస్‌బెర్గ్ అనే రాతి వాలుకు 1975లో ఆ గౌరవం మొదటగా దక్కినది.

మూడవ దినపు దారి చిన్నది, మనస్సుకు మాత్రం బరువైనది. మిట్టెల్‌వీర్‌లో ఒక గోడ ఉన్నది. జర్మను ఆక్రమణ కాలంలో ఆ ఊరివారు దానిమీద నీలం, తెలుపు, ఎరుపు పూలు పెంచారు. అవి ఫ్రాన్సు జెండా రంగులు. ఊరు కూలినా గోడ మిగిలినది. సిగోల్స్‌హైమ్ పైనున్న గుట్టమీద, తోటల నడుమ, ఆ యుద్ధంలో మరణించిన ఫ్రెంచి సైనికుల శ్మశానవాటిక కలదు. అందులో ఉత్తర ఆఫ్రికా నుండి వచ్చి ఇక్కడ నేలకొరిగిన ముసల్మాను సిపాయిల సమాధులు అనేకం. క్లబ్బువారు కార్లను క్రింద నిలిపి, గుట్ట నడిచి ఎక్కుతారు. పైనుండి చూస్తే బెన్‌వీర్, సిగోల్స్‌హైమ్ ఇండ్ల కప్పులన్నీ ఒకే వయస్సువని తెలుస్తుంది. పొరుగున ఉన్న రిక్‌వీర్ 400 ఏండ్ల నాటిది, ఇవి నిన్నటివి. ఆ తేడా ఎందుకు వచ్చినదో అక్కడ ఎవరూ నోరు విప్పి చెప్పనక్కరలేదు.

కైజర్స్‌బెర్గ్‌లో 1875 జనవరి 14న ఆల్బర్ట్ ష్వైట్జర్ జన్మించాడు. ఆఫ్రికాలోని లాంబరేనెలో 1913లో ఆసుపత్రి పెట్టి, 1952 సంవత్సరానికి నోబెల్ శాంతి బహుమానం పొందిన ఆ మహనీయుడు, భారతీయ తత్త్వచింతనను గూర్చి కూడ గ్రంథం రచించాడు. 1914లో యుద్ధం వచ్చినప్పుడు, ఫ్రెంచి వలసలో వైద్యం చేస్తున్న ఆయనను జర్మను పౌరుడన్న కారణంగా నిర్బంధించారు. అల్సాస్‌లో పుట్టడమంటే ఎట్టిదో ఆయన జీవితంలోని ఈ ఒక్క ఘట్టమే చెబుతుంది.

నాలుగవ దినం ఎగిస్‌హైమ్ నుండి తాన్ దాకా. ఎగిస్‌హైమ్ ఊరి వీథులు నడిమి కోట చుట్టూ వలయాలుగా తిరుగుతాయి. అక్కడ కారు బయటనే విడిచిపెట్టాలి. కొన్ని క్లబ్బులు ఈనాడు కొండ నెత్తిమీది శిఖర మార్గాన్ని పట్టుకొంటాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో శత్రువుల కంటబడకుండా ఫ్రెంచి సేనలకు తిండిగింజలు, తుపాకిమందు చేర్చడానికి వేసిన దారి అది. పైన యుద్ధం కొరకు వేసిన దారి, క్రింద అతిథుల కొరకు ఏర్పరచిన దారి. రెండింటిమీద ఒకే దినాన ప్రయాణం చేసినవారికి ఆ సీమ చరిత్ర చదివినంత ఫలం.

యాత్ర కోతకాలంలో జరిగితే మర్యాద విషయంలో మరింత మెలకువ అవసరం. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో ద్రాక్షగుత్తులు నింపిన ట్రెయిలర్లను లాగుతూ ట్రాక్టర్లు దారికెక్కుతాయి. అప్పుడు ఎంతటి ఖరీదైన కారయినా పక్కకు తప్పుకోవలసినదే. కోసిన పండు నిలువ ఉంటే నలిగి పులిసిపోతుంది, కారు నిలిస్తే నష్టమేమీ లేదు. చేల నడుమ కాలిదారులలోనికి బండి పోనీయరాదు. గుత్తిని త్రుంచరాదు. మన చెరకుతోటలో బాటసారి ఒక గడ విరుచుకొంటే రైతు నవ్వి ఊరుకొంటాడేమో గాని, అక్కడ ఆ గుత్తి తూకానికి వచ్చే సరకు. కొన్న సీసాలను ఎండలో నిలిపిన కారులో ఉంచితే వేడికి చెడిపోతాయి. సాయంకాలం తిరిగి వచ్చి చల్లని నేలమాళిగ నుండి తీసుకొనిపోవడం తెలిసినవారి పద్ధతి.

తాన్ పట్టణం దగ్గర రాంగెన్ అనే తోట ఉన్నది. అగ్నిపర్వతపు నల్లని రాతిమీద, నిలువుగోడ వంటి వాలున తీవెలు నాటారు. క్రింద ఏరు, ఏటి గట్టున రోడ్డు. అక్కడ దారిపుస్తకంలో చివరి బొమ్మ వస్తుంది, కార్లు వరుసగా ఆగుతాయి. తలుపులు తీసి దిగినవారు తలలెత్తి చూస్తారు. ట్రాక్టరు ఎక్కలేని ఆ వాలుమీద మనుషులు కాలికి పట్టు చూసుకొంటూ, ఒక్కొక్క తీవె దగ్గర వంగి పని చేస్తుంటారు. ఏ యంత్రమూ చేరలేని ఆ చోటికి నడిచే పోవాలి. అక్కడినుండి దిగివచ్చే రైతు కొరకు క్లబ్బువారు ఇంజన్లు ఆపి, నీడన నిలబడి ఎదురుచూస్తారు.